అమ్మకానికి వచ్చిన పశుక్షేత్రం: పచ్చిక భూమి ధరను నిర్ణయించే అంశాలు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన వాగనర్ ర్యాంచ్ 2014 ఆగస్టులో అమ్మకానికి వచ్చింది. విస్తీర్ణం 5.10 లక్షల ఎకరాలకు పైగా, అంటే రెండు వేల చదరపు కిలోమీటర్లకు మించి. అడిగిన ధర 72.5 కోట్ల డాలర్లు. ఆనాటి మారకం రేటు ప్రకారం దాదాపు 4,400 కోట్ల రూపాయలు. ఆరు కౌంటీలలో పరచుకొని, ఒకే కంచె లోపల ఉన్న ర్యాంచ్‌లలో ఆ దేశంలోనే అతి పెద్దదిగా దీనికి పేరుంది. పందొమ్మిదవ శతాబ్దం మధ్యకాలం నుండి ఒకే కుటుంబం చేతిలో ఉన్న ఈ భూమిలో ఆవుల మందలు, పేరున్న గుర్రాల సంతతి, వెయ్యికి పైగా చమురు బావులు, సుమారు 30 వేల ఎకరాల సాగుభూమి ఉన్నాయి. జింకలు, కంజు పిట్టల వేటకూ ఇది పేరుపొందిన నేల.

ఇంతటి ఆస్తిని కుటుంబం ఎందుకు అమ్ముకోవలసి వచ్చిందన్నది మొదటి ప్రశ్న. పచ్చిక భూమికి అంత ధర ఎక్కడి నుండి వచ్చిందన్నది రెండవది. వ్యవసాయ శాస్త్రం దృష్టిలో రెండవదే ముఖ్యం కనుక దానినే ముందుగా పరిశీలించాలి.

పచ్చిక ఇచ్చే రాబడి

తెలుగులో దున్నని నేలను ‘బీడు’ అంటాము. ఆ మాటలోనే పనికిరానిదన్న భావం ధ్వనిస్తుంది. పశుక్షేత్ర నిర్వహణలో మాత్రం గడ్డి ఒక పంట. దానిని కోసే యంత్రం పశువు. ఒక భూమి ఎన్ని పశువులను మోయగలదో ఈ పంటను బట్టి లెక్కించవచ్చు. సుమారు 454 కిలోల బరువున్న ఆవును, పాలు తాగే దాని దూడతో కలిపి ఒక పశు యూనిట్‌గా పరిగణిస్తారు. దీనికి రోజుకు 12 కిలోల చొప్పున ఏడాదికి దాదాపు 4,380 కిలోల ఎండుమేత అవసరం. ఎకరాకు ఏడాదిలో 900 కిలోల ఎండుగడ్డి పెరిగిందనుకుందాం. అందులో సగం నేల మీదనే మిగలాలన్నది పచ్చిక నిర్వహణలో స్థిరపడిన సూత్రం. వేర్లు బలంగా ఉండడానికి, వాననీరు ఇంకడానికి, మట్టి కొట్టుకుపోకుండా ఉండడానికి అది తప్పనిసరి. మిగిలిన సగంలోనూ కొంత పశువుల తొక్కుడుకు, కొంత పురుగులకు పోతుంది, కొంత ఎండి రాలిపోతుంది. చివరికి పశువు నోటికి చేరేది మొత్తంలో నాలుగో వంతు, అంటే 225 కిలోలు. ఈ లెక్కన ఒక్కొక్క ఆవుకు సుమారు 20 ఎకరాలు కావాలి.

ఇప్పుడు ధర సంగతి. అడిగిన మొత్తాన్ని విస్తీర్ణంతో భాగిస్తే ఎకరాకు 1,420 డాలర్ల వరకు వస్తుంది. అంటే ఒక ఆవు మేసే నేల విలువ 28,400 డాలర్లు. ఆ ఆవు ఏడాదికి ఇచ్చే ఒక్క దూడ 1,200 డాలర్లు పలికి, ఖర్చులు పోను 300 మిగిలాయనుకున్నా, అది పెట్టుబడిలో ఒక్క శాతం మాత్రమే. బ్యాంకు అప్పు తెచ్చి ఇలాంటి భూమిని కొన్నవారు పశువుల రాబడితో వడ్డీ కూడా చెల్లించలేరు. పైగా ఇది వానలు కురిసిన ఏటి లెక్క. 2011లో టెక్సాస్‌లో వచ్చిన కరువుకు రాష్ట్ర వ్యవసాయ, పశుపోషణ రంగాలు 760 కోట్ల డాలర్లు నష్టపోయాయని అక్కడి విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం అంచనా వేసింది. ఆ ఏడాది మేత లేక, తాగునీరు లేక మందలకు మందలే సంతకు చేరాయి.

వేట ఆదాయం

టెక్సాస్ భూమిలో 95 శాతం దాకా ప్రైవేటు ఆస్తి. అడవి జంతువులు మాత్రం రాష్ట్ర ప్రజల సొత్తు. కనుక భూస్వామి జింకను అమ్మలేడు. తన భూమిలోకి వచ్చి వేటాడే అవకాశాన్ని కౌలుకివ్వగలడు. వేటగాడికి ప్రభుత్వ లైసెన్సు, వేట కాలం, చంపదగిన సంఖ్య వంటి నిబంధనలు వర్తిస్తాయి. తెల్లతోక జింక, బాబ్‌వైట్ కంజు, టర్కీ కోడి, పావురం ఇక్కడి ముఖ్యమైన వేట జాతులు. కౌలు ఎకరాకు పది డాలర్లు అనుకుంటే, ఒక ఆవు మేసే 20 ఎకరాల మీద 200 డాలర్లు వస్తాయి. ఏడాది పొడవునా ఆవును సాకితే మిగిలేది 300. కొన్ని వారాల వేటకు గేటు తెరిస్తే వచ్చేది 200. పశువుల కోసమే పుట్టిన ర్యాంచ్‌ల ప్రకటనలలో నేడు వేటకు పెద్దపీట వేయడానికి కారణం ఇదే.

వేట ఆదాయం పచ్చిక నిర్వహణను కూడా మారుస్తుంది. ఆ ప్రాంతపు ప్రధాన సమస్య మెస్క్విట్ చెట్టు. మన చెరువు గట్లను, బంజర్లను ఆక్రమించిన సర్కారు తుమ్మకు ఇది దగ్గరి బంధువు. పశువులు కాయలు తిని, పేడతో గింజలను వెదజల్లుతాయి; అతిమేత వల్ల గడ్డి పలుచబడి కార్చిచ్చులు తగ్గడంతో మొలకలు చెట్లవుతాయి. పశువుల కోసమే ఆలోచించేవారు దీనిని పూర్తిగా తొలగించాలంటారు. కానీ కంజుకు ఎండవేళ నీడ, డేగ నుండి దాపు కావాలి. గూడుకు కుదురుగట్టిన గడ్డి కావాలి. అందువల్ల పొదలను అక్కడక్కడ ఉంచి, మధ్యలో గడ్డిని పెంచే పద్ధతి వచ్చింది. పశువుల సంఖ్యను తగ్గించి ఉంచితేనే ఈ పద్ధతి సాగుతుంది. ఈ విషయంలో వేట, గడ్డి ఒకే పక్షాన నిలుస్తాయన్నది చాలామంది గమనించని సంగతి.

పన్ను విధానం మరొక అంశం. టెక్సాస్‌లో వ్యవసాయ భూమికి మార్కెట్ ధర మీద కాక ఉత్పాదకత విలువ మీద ఆస్తిపన్ను విధిస్తారు. 1995లో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణతో వన్యప్రాణి నిర్వహణకూ ఈ వెసులుబాటు లభించింది. అంతవరకు పన్ను రాయితీ నిలుపుకోవడం కోసమే అవసరానికి మించి పశువులను మేపిన సందర్భాలు లేకపోలేదు.

ఇన్ని ఆదాయాలు కలిపినా 72.5 కోట్లకు పూర్తి సమాధానం దొరకదు. చమురు, ఖనిజ హక్కుల వాటా, నీటి వనరులు కొంత విలువను చేర్చాయి. మిగిలినది భూమిని సంపదగా దాచుకునే ధనవంతుల గిరాకీ. ధరను నిర్ణయించేది గడ్డి కాదు. అయితే గడ్డి చెడితే పశువు, వేట, నీరు మూడూ చెడతాయి.

వారసత్వం, అమ్మకం

1923లో వాగనర్ కుటుంబం ఈ ఆస్తిని ఒక ట్రస్టు కిందికి తెచ్చింది. కాలక్రమంలో అది వారసుల రెండు శాఖల మధ్య మిగిలింది. ఆస్తిని అమ్మి సొమ్ము పంచాలని 1991లో ఒక శాఖ కోర్టుకెక్కగా, వ్యాజ్యం ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. భూమి విలువ కోట్లలో, ఏటా చేతికందే రాబడి స్వల్పంగా ఉన్నప్పుడు క్షేత్రంలో పనిచేసే వారసుడికి, దూరాన ఉండే వారసుడికి మధ్య ఇలాంటి తగవు రావడంలో వింత లేదు. మెట్ట పొలం పంపకాలు చూసిన తెలుగు రైతుకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇదే రాష్ట్రపు దక్షిణాన 8.25 లక్షల ఎకరాల కింగ్ ర్యాంచ్ దారి వేరు. 1853లో మొదలైన ఆ క్షేత్రంలో కొంత వారసుల పంపకాలలో విడిపోయినా, ప్రధాన భాగాన్ని 1930ల మధ్యలో కంపెనీగా మార్చారు. దానితో వారసుల చేతికి నేలకు బదులు వాటాలు వచ్చాయి. మన దేశపు పశుసంపద కూడా దాని చరిత్రలో కలిసి ఉంది. ఒంగోలు, గిర్, కాంక్రెజ్ వంటి భారతీయ జాతుల నుండి అమెరికాలో రూపొందిన బ్రాహ్మన్ పశువును షార్ట్‌హార్న్‌తో సంకరం చేసి, అక్కడ సాంటా గెర్ట్రూడిస్ జాతిని తీర్చిదిద్దారు. 1940లో దానికి అధికారిక గుర్తింపు లభించింది. వేట కోసం తెచ్చి వదిలిన నీల్గాయ్ కూడా ఇక్కడిదే. దానివల్ల వేట ఆదాయం పెరిగింది. అయితే పశువులకు జ్వరం తెచ్చే పిడుదులను అది మోసుకు తిరుగుతుండడంతో నియంత్రణ కష్టమైంది.

వాగనర్ ర్యాంచ్‌ను 2016 ఫిబ్రవరిలో క్రీడా జట్ల యజమాని స్టాన్ క్రోన్‌కీ కొన్నారు. తుది ధర వెల్లడి కాలేదు. క్షేత్రం ముక్కలు కాకుండా ఒకే చేతికి వెళ్లడం పచ్చికకు మేలే. వందల ఎకరాల తునకలైతే ప్రతి యజమానీ కంచె వేసి, దారి వేసి, తన వాటాలో మేతను పిండుకుంటాడు. పశువుల రాబడి మీద బతకనక్కరలేని యజమాని కరువు మొదటి నెలలోనే మందను తగ్గించగలడు. అప్పులున్న రైతు ఆఖరి వాన దాకా ఎదురుచూస్తాడు.

ఈ మార్పు భారం పడింది మరొకరి మీద. ర్యాంచ్‌లోని డైవర్షన్ సరస్సు ఒడ్డున కౌలు స్థలాలలో ఏళ్ల తరబడి ఇళ్లు కట్టుకొని ఉన్నవారికి కొత్త యాజమాన్యం ఖాళీ చేయమని తెలిపింది. ఇళ్లు వారివే, నేల మాత్రం వారిది కాదు.