దెబ్బ ముందు, పెచ్చు వెనక

పారిస్ తోటమాలి జోసెఫ్ మోనియేకి మొక్కల తొట్లతో తంటా వచ్చింది. మట్టివి పగిలిపోయేవి, చెక్కవి పుచ్చిపోయేవి. సిమెంటుతో తొట్టి పోసి, దాని గోడలో ఇనుప తీగల వల పెట్టి చూశాడు. అది నిలిచింది. 1867లో దాని మీద పేటెంటు తీసుకున్నాడు. అంతకు పన్నెండేళ్ల ముందే జోసెఫ్ లూయీ లాంబో ఇలాంటి పద్ధతిలోనే చేసిన పడవను పారిస్ ప్రదర్శనలో పెట్టాడు. ఇవాళ మనం ఇంటి మీద వేసుకునే స్లాబుకు పూర్వీకులు ఆ తొట్టీ, ఆ పడవా.

కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోలేదు. లాగుడును తట్టుకునే బలం దానికి నొక్కుడు బలంలో సుమారు పదో వంతే. ఆ లోటును చువ్వ తీరుస్తుంది. అయితే ఈ లెక్కంతా మెల్లగా పడే బరువుది. మనుషులు, బీరువాలు, నీళ్ల ట్యాంకు ఏవైనా సరే, స్లాబు మొత్తం కలిసి వంగి ఆ భారాన్ని గోడలకూ స్తంభాలకూ అందిస్తుంది. అదే బరువు వేగంగా వచ్చి కొడితే మిగతా స్లాబుకు కబురు అందేలోపే అక్కడ జరగాల్సింది జరిగిపోతుంది.

దెబ్బ తగిలిన చోట పుట్టిన నొక్కుడు అల కాంక్రీటులో సెకనుకు దాదాపు 4 వేల మీటర్ల వేగంతో పరుగెడుతుంది. 20 సెంటీమీటర్ల స్లాబును దాటడానికి దానికి పట్టేది సెకనులో 20 వేలవ వంతు. అవతలి ముఖం దగ్గర గాలి తప్ప ఆనుకోవడానికి ఏమీ ఉండదు. అల అక్కడ వెనక్కి మళ్లుతుంది, మళ్లేటప్పుడు నొక్కుడు కాస్తా లాగుడవుతుంది. క్యారమ్ బోర్డు మీద కాయల్ని వరసగా ఆనించి ఒక కొసన కొడితే, అటు కొసనున్న కాయ ఎగిరిపోతుంది కదా, ఇదీ అలాంటిదే. లాగుడే కాంక్రీటుకు చేతకానిది కనుక వెనక ముఖం నుంచి పెచ్చు ఊడి లేస్తుంది. ముందు వైపు చిన్న గుంట, వెనక వైపు పెద్ద గాయం. దెబ్బ ఇంకా గట్టిదైతే లోపల ఏటవాలుగా పగుళ్లు పోయి, వెనక్కి పోయేకొద్దీ వెడల్పయ్యే ముద్ద ఒకటి స్లాబు నుంచి పూర్తిగా విడిపోతుంది. (పాత ఇళ్ల కప్పుల కింద ఊడే పెచ్చుల సంగతి వేరు. అక్కడ చువ్వ తుప్పెక్కి, ఉబ్బి, కాంక్రీటును తోసేస్తుంది.)

మందం పెంచితే సరిపోదా అని మొదట అందరికీ తోచేదే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఆ దారినే పట్టింది. బ్రెమెన్ దగ్గర ఫార్గెలో జలాంతర్గాముల కోసం కట్టిన వాలెంటిన్ బంకరు పైకప్పు కొన్నిచోట్ల 4.5 మీటర్లు, కొన్నిచోట్ల 7 మీటర్లు. ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించి కట్టారు. వెయ్యి మందికి పైగా అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1945 మార్చి 27న బ్రిటిష్ విమానాలు దాదాపు 10 టన్నుల బరువుండే గ్రాండ్ స్లామ్ బాంబులు వేశాయి. 4.5 మీటర్ల భాగం మీద పడినవి కాంక్రీటులోకి దిగబడి, లోపల పేలి, కప్పుకు కన్నాలు పెట్టాయి. ఆ కప్పు కోసం పోయిన ప్రాణాలను తలచుకుంటే, మందం మీద పెట్టుకున్న నమ్మకం ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

అణువిద్యుత్ కేంద్రాలు వచ్చాక ప్రశ్న మారింది. అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ కేంద్రం విమానాశ్రయానికి దగ్గర. విమానం కూలి మీద పడితే గోడకు తగిలే బలం ఎంత? రియెరా అనే ఇంజినీరు 1968లో దానికి లెక్క కట్టాడు. విమానం గుండు కాదు, ముక్కు నుంచి మొదలై నలుగుతూ వస్తుంది. అందుకని బలం ఒక్క క్షణంలో కాక వరసగా అందుతుంది.

ఆ లెక్కను నిజమైన విమానంతో సరిచూసింది 1988 ఏప్రిల్ 19న. అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో ఎఫ్-4 ఫాంటమ్ యుద్ధ విమానాన్ని రాకెట్ బండి మీద ఎక్కించి, ఇంధనం బదులు నీళ్లు నింపి, సెకనుకు 215 మీటర్ల వేగంతో 3.66 మీటర్ల మందమున్న కాంక్రీటు దిమ్మకు గుద్దించారు. విమానం నుసి అయిపోయింది. ఇంజిన్లు తగిలిన చోట మాత్రం దిమ్మలో ఆరు సెంటీమీటర్ల వరకు గుంటలు పడ్డాయి. ఆ వీడియో చూసినవాళ్లు చాలామంది గోడ గట్టితనాన్ని మెచ్చుకుంటారు. గోడ గెలుస్తుందా లేదా అన్నది అక్కడ పరీక్షే కాదు. దిమ్మ జరగడానికి వీలుగా గాలి పరుపు మీద నిలబెట్టారు. బలం ఎంతసేపు, ఎంతెంత అందిందో కొలవడమే వాళ్లకు కావలసింది. నా దృష్టిలో ఆ గుంటలే ముఖ్యం. నలిగిపోయే ఒళ్లు గోడను పెద్దగా ఏమీ చేయలేదు, నలగని ఇంజినే దిగబడింది.

ఫిన్లండులోని వీటీటీ పరిశోధన సంస్థలో ఈ తేడాను చిన్న స్లాబుల మీద చూశారు. రెండు మీటర్ల చదరపు స్లాబులు. సుమారు 50 కిలోల బోలు ఉక్కు గొట్టాన్ని సెకనుకు 110 మీటర్ల వేగంతో కొడితే గొట్టం మడతలు పడి నలిగింది, 15 సెంటీమీటర్ల స్లాబు వంగి ఊరుకుంది. కాంక్రీటు నింపిన గట్టి గొట్టం, బరువు దాదాపు అంతే, 136 మీటర్ల వేగంతో వెళ్లి 25 సెంటీమీటర్ల స్లాబును పొడుచుకుని అవతల పడింది. వేగం కొంత ఎక్కువే, కానీ ఎదురున్న మందమూ ఎక్కువే.

మరి స్లాబును గట్టిపరచడం ఎలా? చువ్వల మధ్య జానెడు ఎడం ఉంటే ఆ ఎడంలో పగులు తన దారిన తాను పోతుంది. 1963లో జేమ్స్ రోమువాల్డి, గోర్డన్ బాట్సన్ దగ్గర దగ్గరగా ఉండే సన్నని తీగలు పగులును మొదట్లోనే నిలువరిస్తాయని చూపించారు. ఉక్కు ఫైబరు కాంక్రీటు అక్కడి నుంచే ఊపందుకుంది. మూడు నుంచి ఆరు సెంటీమీటర్ల తీగ ముక్కలు, కొసలు వంచినవి, కాంక్రీటుతో పాటు మిక్సర్లో పడతాయి. ఘనపరిమాణంలో ఒక శాతం అంటే ఘనపు మీటరుకు సుమారు 78 కిలోలు. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కడతాయి, చల్లుతూ కలపాలి.

దీని గుణం చూపించే పరీక్ష చాలా సాదాసీదాది. 15 సెంటీమీటర్ల అడ్డుకొలత, ఆరు సెంటీమీటర్ల పైచిలుకు మందం ఉన్న కాంక్రీటు బిళ్ల మీద ఉక్కు గుండు పెట్టి, నాలుగున్నర కిలోల సుత్తిని 457 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి మళ్లీ మళ్లీ వదులుతారు. దెబ్బకు 20 జౌళ్ల శక్తి. మామూలు బిళ్లకు నెర్రె కనిపించిందంటే ఇక ఒకటి రెండు దెబ్బలే, ముక్కలైపోతుంది. ఫైబరు బిళ్ల నెర్రె విచ్చాక కూడా దెబ్బలు తింటూనే ఉంటుంది. నెర్రెలోకి చూస్తే అడ్డంగా తీగలు. ఒక్కో తీగా వంపు సాగదీసుకుంటూ కాంక్రీటులోంచి ఊడి వస్తుంటుంది. దెబ్బలోని శక్తి ఖర్చయ్యేది ఆ పెనుగులాటలోనే.

ఇప్పటికే కట్టేసిన స్లాబుకైతే వెనక ముఖాన్ని పట్టుకోవాలి. స్విట్జర్లాండులో 1991లో ఇబాహ్ వంతెనకు ఉక్కు పలకల బదులు కార్బన్ పట్టీలు అతికించారు. 175 కిలోల ఉక్కు పట్టే పనికి ఆరు కిలోల కార్బన్ సరిపోయింది. ఆ పట్టీలను, కార్బన్ గుడ్డను ఇప్పుడు దెబ్బకు కాచే పనికీ వాడుతున్నారు. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. కార్బన్ బలమైనదే కానీ సాగదు, ఒకటిన్నర రెండు శాతం సాగేసరికి తెగుతుంది. మన బజారులో దొరికే ఎఫ్‌ఈ 500 చువ్వ కనీసం 12 శాతం, 500డి రకం 16 శాతం సాగి తెగాలని భారతీయ ప్రమాణం. దెబ్బను మింగేది బలం ఒక్కటే కాదు, సాగుడు కూడా. పైగా పట్టీ తెగే లోపే జిగురు ఊడిపోవచ్చు. అందుకే కాంక్రీటు పై పొరను గీకి, దుమ్ము ఊది, ఎపాక్సీ పూసి, కొసలను బిగించడంలోనే పనితనమంతా ఉంటుంది.

స్లాబుకు తగలకముందే దెబ్బను మెత్తబరచడం ఇంకో దారి. కొండరాళ్లు పడే రోడ్ల మీద జపాన్ వాళ్లు కప్పులు కట్టి, వాటి మీద 90 సెంటీమీటర్ల దాకా ఇసుక పరుస్తారు. రాయి ఇసుకలో దిగబడేసరికి దెబ్బ సాగి, నెమ్మదించి, వెడల్పుగా స్లాబుకు అందుతుంది. అయితే అంత ఇసుక చదరపు మీటరుకు టన్నున్నర దాకా తూగుతుంది. రాయి పడినా పడకపోయినా ఏళ్ల తరబడి స్తంభాలు దాన్ని మోయాల్సిందే. ఆ భారం తగ్గించడానికి ఇసుకను పలచన చేసి, దాని కింద ఒక కాంక్రీటు పలక, పలక కింద థర్మోకోలు లాంటి తేలికపాటి దిమ్మలు పేర్చే మూడు పొరల పద్ధతి తెచ్చారు. మధ్య పలక దెబ్బను వెడల్పుగా పంచుతుంది, కింది దిమ్మలు నలిగి శక్తిని మింగుతాయి, అసలు కప్పు కింది ముఖం దాకా వచ్చేది అందులో మిగిలిందే.