కొత్తకోడి వచ్చింది, జాగ్రత్త!

సంతలో పుంజును కొనేవారు దాని తోక చూస్తారు, నడక చూస్తారు. ఏ గూటినుంచి వచ్చిందని మాత్రం అడగరు. సంక్రాంతి ముందు ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో పుంజులు ఎన్ని చేతులు మారతాయో!

నిగనిగలాడే కోడిలో కూడా కొక్కెర తెగులు దాగి వుండవచ్చు. డాక్టర్లు రాణీఖేత్ అనేది దీనినే. సోకిన రెండు రోజులకు బయటపడవచ్చు, పదిహేను రోజులూ పట్టవచ్చు. ఈలోగా గూడంతా అంటుకుంటుంది. మెడలు మెలితిరిగి, ఆకుపచ్చని రెట్టలు వేస్తూ కోళ్ళు రాలిపోతాయి. వచ్చాక మందు లేదు. ముందుగా టీకా వేయించడమే గతి.

కనుక కొత్తకోడిని నెలరోజులపాటు దూరంగా వేరే గూట్లో వుంచండి. అత్తవారు పంపిన పుంజయినా సరే! మేత ముందు పాతవాటికి వేసి, తరువాతే దాని దగ్గరకు వెళ్ళండి. నీళ్ళ మూకుడు కూడా వేరుగా వుండాలి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

కొల్లేటి చుట్టుపట్ల పిలవకుండా వచ్చే కొత్తపక్షులు కూడా వున్నాయి. వలసబాతులు బర్డ్ ఫ్లూను మోసుకు రాగలవు. ఎలా వచ్చినదైతేనేం, 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరు కోళ్ళలో ఆ వ్యాధి బయటపడింది. మేతా నీళ్ళూ అడవిపక్షులు వాలని చోట, కప్పుకింద పెట్టండి. కోళ్ళు వరసగా చస్తుంటే కాలవలో పారేయకుండా పశువైద్యునికి కబురు చేయండి.