బూరుగు చెట్టుమీఁది కాకి, తెరమీఁది కోఁతి

జంతువులచేత మాటలాడించి పిల్లలకు నీతి గఱపుట మన దేశమున మిగులఁ బ్రాచీనమైన పద్ధతి. నేఁడు మన యిండ్లలో టెలివిజన్ తెరమీఁదను, సెల్‌ఫోనులోను కోఁతిపిల్లలు, ఏనుఁగు గున్నలు, ఎలుగుబంట్లు చెలిమి చేసి, కలహించి, మరలఁ గలిసికొని, యేదో యొక మంచిమాట చెప్పి వెడలిపోవుచున్నవి. పిల్లలు వీనిని ఱెప్పవాల్పక చూచుచుందురు. తల్లిదండ్రులలోఁ గొందఱు దీనిఁ జూచి సంతసింతురు, కొందఱు చింతింతురు. ఈ బొమ్మ లెట్లు కదలుచున్నవి, పూర్వపుఁ గథలలోనుండి వీనిలోనికి వచ్చినదేమి, రానిదేమి యను విషయములను మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును దెలుపుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా మన గోదావరి యొడ్డుననే మొదలు పెట్టుదము. సంస్కృతమున నారాయణపండితుఁడు రచించిన హితోపదేశములో మిత్రలాభకథ గోదావరీతీరమందలి యొక పెద్ద బూరుగు వృక్షముతో నారంభమగును. ఆ చెట్టు ఏ యూరి దాపున నున్నదో గ్రంథకర్త చెప్పలేదు. నాసిక వైపునఁ బుట్టి సముద్రము వఱకుఁ బాఱు నదికి ఒడ్డు మిక్కిలి పొడవు. అయినను ధర్మపురి, మంథనుల మీఁదుగా నా నది మన కరీంనగర్, ఆదిలాబాదు సీమల నడుమనే పాఱుచున్నది. ఈ ప్రాంతపు టడవులలో బూరుగు చెట్లకుఁ గొదవ లేదు. కావున మా తరగతి బాలురు ఆ చెట్టు మనదే యని వాదింతురు. నే నడ్డు చెప్పను.

హితోపదేశమునకు మూలము విష్ణుశర్మ పేర వెలసిన పంచతంత్రము. అది క్రీస్తు శకము 6వ శతాబ్దమున పారసీక చక్రవర్తి ఖుస్రూ కాలములో పహ్లవీ భాషలోనికిని, 8వ శతాబ్దమున ఇబ్నుల్ ముకఫ్ఫా చేతిమీఁదుగా ‘కలీలా దిమ్నా’ యను పేర అరబ్బీలోనికిని బోయి, యటనుండి ప్రపంచమంతయుఁ దిరిగెను. తెలుఁగున 15వ శతాబ్దమున దూబగుంట నారాయణకవి దానిని పద్యకావ్యముగా రచించెను. పరవస్తు చిన్నయసూరి మిత్రలాభ మిత్రభేదములను వచనమున వ్రాసి 1853లో ‘నీతిచంద్రిక’ యను పేరఁ బ్రకటించెను. తక్కిన విగ్రహ సంధులను కందుకూరి వీరేశలింగము పంతులుగారు వ్రాసిరి. పెక్కు తరముల తెలుఁగు విద్యార్థులకు నీతిచంద్రిక పాఠ్యగ్రంథమైనది. ఆ వాక్యములకుఁ బదచ్ఛేదము చేయలేక కన్నీరు పెట్టినవారును గలరు.

మన వేములవాడ సీమకును నిట్టి కథలతో సంబంధము లేకపోలేదు. ఇచ్చటి చాళుక్యుల యేలుబడిలో గంగాధారయందు సోమదేవసూరి యను జైనపండితుఁడు 959లో ‘యశస్తిలకచంపువు’ను ముగించెను. (కథాసరిత్సాగరము వ్రాసిన కాశ్మీర సోమదేవుఁడు వేఱు.) అందు పిండితోఁ జేసిన కోడిని బలియిచ్చినంత మాత్రమున యశోధరుఁడను రాజును, అతని తల్లియు నెమలి, కుక్క మొదలగు జన్మము లెత్తి బాధపడుదురు. నిజమైన కోడి కాదు, పిండికోడి! చంపవలెనను తలఁపే చాలునని యా కవి భావము. కోడెమొక్కు చెల్లించుకొనువారు ప్రతిదినమును వీధిలోఁ గోడెలను నడిపించుకొని పోవు నీ యూరిలో జంతువు మనకు దూరపుఁ జుట్టము కాదు.

ఇఁక మిత్రలాభము. కథ మీరెఱిఁగినదే, అయినను తొందరలో మనము దాఁటిపోవు చోట్లు కొన్ని యందుఁ గలవు. వేఁటకాఁడు నూకలు చల్లి వల పన్నెను. పావురముల ఱేఁడు చిత్రగ్రీవుఁడు వానిని జూచి, మనుష్యులు లేని యడవిలోనికి నూక లెట్లు వచ్చినవని సందేహించెను. గర్వించిన పావురమొకటి యీ శంకను నవ్వులపాలు చేయఁగా, తక్కినవి దాని మాట విని దిగి వలలోఁ జిక్కెను. చిక్కిన పిమ్మట నన్నియు నా పావురమునే తిట్టఁదొడఁగెను. చిత్రగ్రీవుఁడు ‘నేను ముందే చెప్పితిని గదా’ యని దెప్పలేదు. నిందలకిది సమయము కాదని వారించి, అందఱు నొక్కుమ్మడిగ వలతోఁ గూడ నెగురుఁడని పలికెను. చెలికాఁడైన హిరణ్యకుఁడను నెలుక కలుఁగు చేరిన తరువాత, ఎలుక మొదట రాజు కట్లు కొఱుకఁ బోఁగా, నా వారి కట్లు ముందు తెంపుమని యతఁడు కోరెను. నా పండ్లు గట్టివి కావు, ముందు నీవి తెంపి పిదప శక్తికొలఁది వారివి తెంపెదనని యెలుక తర్కించెను. అతఁ డొప్పుకొనలేదు. వల నెత్తుకొని యెగురుట కన్న నిది గొప్పపని యని నాకుఁ దోఁచును.

బూరుగు చెట్టుమీఁది లఘుపతనకుఁడను కాకి యిదంతయుఁ జూచి, వెంబడించి వచ్చి, యెలుకతోఁ జెలిమిఁ గోరెను. తెరమీఁది కథలో నైనచో మఱుక్షణమున రెండును గలిసి యాడి పాడును. ఇక్కడ నెలుక కలుఁగులోనుండి వెలికి రాదు. నీవు తినువాఁడవు, నేను నీకుఁ దిండిని, మన కిద్దఱకుఁ జెలిమి యెక్కడిదని యడుగును. నక్కను నమ్మి మోసపోయిన యొక జింక కథ చెప్పును. ఆ కథలో జింక వలలోఁ బడి, చెలికాఁడవు గదా, త్రాళ్లు కొఱుకుమని నక్కను వేఁడుకొనఁగా, ఇవి నరములతోఁ జేసిన త్రాళ్లు, నేఁడు ఆదివారము, పంటితో నెట్లు ముట్టుదునని నక్క వంక చెప్పును. మన బడిలో నీ భాగము చదివినపుడెల్ల పిల్లలు పకపక నవ్వుదురు. ఆదివారపు వంకలు వారికిఁ గ్రొత్త కావు. ఇట్లు కాకియు నెలుకయుఁ జాలసేపు వాదించుకొన్న మీఁదటనే చెలిమి కుదిరినది. ఆ వెనుక మంథరుఁడను తాఁబేలు, చిత్రాంగుఁడను జింక వచ్చి కలియును. మిత్రలాభ మనఁగా మిత్రుఁడు దొరకుట. దొరకుటకు ముందు వెదకుట, శంకించుట, పరీక్షించుట యన్నియు నందుఁ గలవు.

ఈ కథలకు మఱియొక గుణము గలదు. ఒక జంతువు ఏదైన నొక మాట చెప్పి, అట్లు చేసిన ఫలానివాని గతి పట్టునని యూరకుండును. వినుచున్న జంతువు ‘అదెట్లు?’ అని యడుగును. అడిగినఁ గాని తరువాతి కథ రాదు. చదువు నొల్లని రాజకుమారులకు విష్ణుశర్మ ఆఱు నెలలలో నీతి నేర్పెనని గ్రంథము చెప్పుచున్నది. ఆయన చేసిన యుపాయము జంతువులచేత మాటలాడించుట యని యందఱు ననుకొందురు. నా యభిప్రాయమున ఆ ‘అదెట్లు?’ అను ప్రశ్నయే ఆయన యుపాయము.

ఇప్పుడు కదలు బొమ్మల సంగతి. నోటుపుస్తకపుఁ గాగితముల మూలలందు కొంచెము కొంచెము మార్చి పక్షిబొమ్మలు గీసి, బొటనవ్రేలితో గబగబ త్రిప్పినచో పక్షి యెగిరినట్లు కానవచ్చును. ఒక బొమ్మకును మఱియొక బొమ్మకును నడుమనున్న యెడమును మన కన్నును మనస్సును బూరించుకొనును. సినిమా ఫిలిములో నొక్క సెకనుకు 24 చిత్రములు పోవును. ఒక్కొక్క బొమ్మను రెండేసి మాఱులు చూపినను సెకనుకు 12 బొమ్మలు గావలయును. ఏడు నిముషముల చిత్రమునకు లెక్క కట్టుఁడు: 5,040 బొమ్మలు. ఆకున కొకటి చొప్పున గీసినచో నూఱాకుల నోటుపుస్తకములు ఏఁబదికిఁ బైగా నిండును. ఈ శ్రమ తగ్గించుటకై చెట్టు, గుట్ట మొదలగు కదలని వానిని ఒక్కసారియే గీసి, కదలు జంతువులను పారదర్శకమైన పలుచని సెల్యులాయిడు ఱేకులపై గీసి, వానిపైఁ బఱచి ఫొటోలు తీయుచుండిరి. నేఁడు తఱచుగాఁ గంప్యూటరులోనే జంతువు నొక్కమాఱు మలచి, ముఖ్యమైన భంగిమలు చిత్రకారుఁడు నిర్ణయింపఁగా, నడుమనున్న కదలికలను యంత్రము పూరించును.

ఈ విద్య మన దేశమునఁ బాదుకొన్నదియు జంతుకథతోనే. బొంబాయిలోని ఫిలింస్ డివిజన్ వారు, డిస్నీ సంస్థలోఁ బనిచేసిన క్లేర్ వీక్స్ వద్ద శిక్షణ పొంది, 1957లో ‘బన్యన్ డీర్’ అను చిత్రమును దీసిరి. చూలాలైన లేఁడికి బదులుగాఁ దన ప్రాణము నొప్పగింప వచ్చిన జింకఱేని జాతకకథ యది. పిదప 1974లో విజయా మూలే దర్శకత్వమున, భీమ్‌సేన్ బొమ్మలతో, ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ అను ఏడు నిముషముల హిందీ చిత్రము వెలువడినది. అందు ఒక యక్క తన తమ్మునకు ఐకమత్య మనఁగా నేమో తెలుపుచు, వలలోఁ బడిన పక్షులు కలిసి యెగిరి, చెలికాండ్రైన యెలుకల వద్దకుఁ బోయి విడుదల పొందిన కథ పాటగాఁ జెప్పును. మన చిత్రగ్రీవుని కథయే! దూరదర్శన్‌లో దానిని జూచి పెరిగిన తల్లిదండ్రులు ఈ పత్రిక చదువువారిలోను నుందురు. ఆ వల మెల్లగా నేల విడిచి లేచు దృశ్యమును ఏ వచనమును అంత చక్కఁగాఁ జూపలేదని యొప్పుకొనవలయును. అక్షరములు రాని చిన్నవానికిని అది యర్థమగును. కాని ‘నా వారివి ముందు తెంపుము’ అను రాజు మాట యందు లేదు.

పిదప హైదరాబాదు నగర మీ వృత్తికి ముఖ్యస్థాన మైనది. అక్కడి గ్రీన్ గోల్డ్ సంస్థ నిర్మించిన ‘ఛోటా భీమ్’ 2008లో మొదలైనది. అందలి జగ్గు అను మాటలాడు కోఁతి నెఱుఁగని పిల్లవాఁడు మన బడిలో లేఁడు. ఆ నగరమందే డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ వారు 2010లో ‘జంగిల్ బుక్’ను కంప్యూటరు బొమ్మలతో ధారావాహికగాఁ దీసిరి. దాని మూలము కిప్లింగు 1894లోఁ బ్రకటించిన గ్రంథము. తోఁడేళ్లు పెంచిన మౌగ్లీ, ఎలుగు బాలూ, నల్లచిఱుత బఘీరా తిరుగాడిన సియోనీ యడవులలో వైనగంగ పాఱును. ఆ వైనగంగ వార్ధాతోఁ గలిసి ప్రాణహిత యై కాళేశ్వరమువద్ద మన గోదావరిలోఁ గలియును. అనఁగా బాలూ త్రాగిన నీరే చివరకు మన దాపునకు వచ్చుచున్నది! కిప్లింగు గ్రంథములో బాలూ గుణపాఠములను పలుమాఱు వల్లె వేయించి, తప్పినపుడు దెబ్బయుఁ గొట్టును. బఘీరా దానికై యాతని మందలించును. నేఁడు ఏ యుపాధ్యాయుఁడు నట్లు చేయరాదు. ధారావాహికలోని బాలూయుఁ జాల మెత్తనివాఁడు.

ఇట్టి ధారావాహికలలో నొక్కొక్క కథ మిగులఁ గుఱుచ. చెలికాండ్రు మొదటి నుండియుఁ జెలికాండ్రే. ఒక చిక్కు వచ్చును, పరుగులు తీయుదురు, చిక్కు తీఱును. ఎవరిని నమ్మవలయు ననునది కథ పుట్టకముందే తేలిపోయియుండును. పైఁగా నొక కథ ముగియక మునుపే తరువాతిది వచ్చుటకు సిద్ధముగ నుండును. ‘అదెట్లు?’ అని యడుగుటకు సందు లేదు. అడిగినను తెర బదులు చెప్పదు. పిల్లవానికి బడిలో నిజముగా నెదురగు చిక్కు మాత్రము ఎలుకకుఁ గలిగిన చిక్కే: చాకొలెట్టు చూపి పిలుచువాఁడు కాకియా, నక్కయా?

ఇందువలన బొమ్మలు చూపవలదని నేను తల్లిదండ్రులతోఁ జెప్పను. చూచునపుడు ఒకరు ప్రక్కనఁ గూర్చుండిన మేలు. నాయనమ్మయైనను, అక్కయైనను సరే, చదువు రానివారైనను సరే. నడుమ నొకమాఱు ఆపి, ఇతఁడు వానిని ఎందుకు నమ్మెను, నీవైనచో నేమి చేయుదువని యడిగినఁ జాలును. మా తరగతిలో ‘ఏక్ అనేక్’ చిత్రమును జూపి, పక్షులు వలలోఁ బడిన చోట నిలిపి, ఇప్పుడేమి చేయుదురని యడిగితిని. మొదటి జవాబు, ముందు దిగుదమన్నదాని ఱెక్క పట్టి యడుగుదుమని! నిందింపఁగూడదని చిత్రగ్రీవుఁ డెందుకు చెప్పవలసి వచ్చెనో అప్పుడు వారికి నేను వివరింప నక్కఱ లేకపోయినది.

ఆ పిమ్మట ఎనిమిదవ తరగతి వారు నోటుపుస్తకపు మూలలందు 48 బొమ్మలు గీసి, వల నెత్తుకొనిపోవు పావురములను నాలుగు సెకనులపాటు ఎగురఁజేసిరి. దానిని మూఁడవ తరగతివారికిఁ జూపఁగా, ఒక చిన్నవాఁడు నడుమ వ్రేలు పెట్టి యాపి, ఇవి ఎక్కడికిఁ బోవుచున్నవని యడిగెను. హితోపదేశములో హిరణ్యకుని కలుఁగు గండకీ నదీతీరమునఁ గలదు. గండకి బీహారులో గంగతోఁ గలియు నది. బాలురు భారతదేశపటము తెచ్చి, ధర్మపురివద్ద స్కేలు పెట్టి కొలువఁగా దాదాపు 1,000 కిలోమీటర్లు తేలినది. వలతో నంత దూరము ఎగురఁ గలవా, నడుమ నీరు త్రాగుటకు దిగినచో మరల నందఱు నొక్కసారి లేవఁ గలరా యని యా చిన్నవాఁడు మరల నడిగెను. ఎనిమిదవ తరగతివా రింకను దానికి జవాబు వెదకుచున్నారు.