పది మజిలీలు – పద్దెనిమిది లక్షల దారులు

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ స్టేషన్ నుండి సరుకుతో బయలుదేరిన వాహనం బిష్టుపూర్, సాక్చి, కద్మా, సోనారి, గోల్మురి, మాంగో ప్రాంతాలకు ఒక్కొక్కసారి వెళ్లి, తిరిగి స్టేషన్‌కు చేరాలనుకుందాం. ఏ వరుసలో వెళితే దూరం తగ్గుతుంది? ఎదురు దిశలో తిరిగినా దూరం మారదనుకుంటే, ఈ ఆరు మజిలీలకే 360 దారులున్నాయి. మజిలీలు పదయితే దారులు 18,14,400! వృథాగా తిరిగిన ప్రతి కిలోమీటరూ డీజిలు ఖర్చు. డ్రైవరు ఇల్లు చేరడానికి ఆలస్యం. గణితశాస్త్రంలో ఇదే ‘ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య’.

మన దేశంలో ఈ ప్రశ్న జనుము పొలాల్లో ఎదురయింది. బెంగాల్‌లో జనుము సాగు విస్తీర్ణాన్ని నమూనా సర్వే ద్వారా అంచనా వేసిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, సిబ్బంది ప్రయాణ వ్యయాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఒకే విస్తీర్ణంలో పరిశీలనా స్థలాలు నాలుగింతలయితే ప్రయాణ దూరం సుమారు రెండింతలే అవుతుందన్న భావం ఆయన 1940 నాటి వ్యాసంలో ఉంది.

1954లో డాంట్జిగ్, ఫుల్కర్సన్, జాన్సన్ అమెరికాలోని 49 నగరాలకు అతి తక్కువ దూరపు దారిని కనుగొని, అంతకంటే చిన్నది లేదని నిరూపించారు. 1963లో లిటిల్, స్వీనీ, కారెల్‌లతో కలిసి మన కట్టా జి. మూర్తి ‘బ్రాంచ్ అండ్ బౌండ్’ పద్ధతిని ప్రకటించారు. దాని సూత్రం సరళం. దారులను శాఖలుగా విభజించి, ప్రతి శాఖలోనూ దూరం కనీసం ఎంతకు తగ్గదో ముందుగా లెక్కిస్తారు. ఆ కనిష్ఠమే చేతిలో ఉన్న మంచి దారిని మించితే, ఆ శాఖను పూర్తిగా విడిచిపెడతారు. మాంగోలోని రెండు చిరునామాలకు వేర్వేరుగా వెళ్లే వాహనం సువర్ణరేఖ వంతెనను నాలుగుసార్లు దాటాలి. అటువంటి దారులు చాలావరకు ఇలాగే తొలగిపోతాయి. ఈ పద్ధతిలో ఆనాటి కంప్యూటరు 40 నగరాల లెక్కను సగటున ఎనిమిది నిమిషాలకు పైచిలుకు కాలంలో సాధించింది.

అయినా సమస్య లొంగలేదు. దీని కాఠిన్యం ఎంతటిదో 1972లో కార్ప్ పరిశోధన వెల్లడించింది. అన్ని సందర్భాల్లోనూ వేగంగా పనిచేసే కచ్చితమైన పద్ధతి నేటికీ దొరకలేదు. సాధారణ దూరాల విషయంలో, అత్యుత్తమ దారికి ఒకటిన్నర రెట్లు మించని దారిని త్వరగా కనుగొనే మార్గాన్ని 1976లో క్రిస్టోఫైడిస్ చూపారు. 2006లో 85,900 బిందువుల సమస్యకు కచ్చితమైన పరిష్కారం లభించింది.

ఎప్పుడూ దగ్గరి మజిలీకే ముందు వెళ్లడం మనకు అలవాటు. చివరికి మిగిలిపోయిన దూరపు మజిలీ ఆ ఆదానంతటినీ హరించవచ్చు. బయలుదేరే ముందు కాగితంపై రెండు మూడు వరుసలు వేసి పోల్చి చూసుకోవడం ఎవరికైనా సాధ్యమే. ఏ దారిన వెళ్లకూడదో ముందే తెలుసుకోవడమూ పొదుపే కదా!