ఊరి పేరున్న జెర్సీ

నాతవరం హైస్కూలు మైదానంలో ఆ సాయంత్రం కబడ్డీ కూతలు గట్టిగా వినిపిస్తున్నాయి. ముగ్గుతో గీసిన గీతలు, ఓ పక్కన కుప్పగా చెప్పులు, నడుముకు బిగించిన చున్నీలు. ఆట మధ్యలో నీళ్ళకోసం వచ్చిన ఏడో తరగతి పిల్ల నా ఫోనులోకి తొంగి చూసింది. అందులో జపాన్ అమ్మాయిల ఫుట్‌బాల్ నడుస్తోంది. ఎర్ర జెర్సీలవాళ్ళు ఉరావా రెడ్స్. కాసేపు రెప్ప వేయకుండా చూసి అడిగింది: "ఆడితే ఈళ్ళకి జీతాలిత్తారేటండి?"

ఇస్తారు తల్లీ. ఎంతిస్తారో, ఎలా ఇస్తున్నారో చెప్పడానికి ఆ సాయంత్రం చాలలేదు.

జపాన్‌లో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్ 2021 సెప్టెంబరు 12న మొదలైంది. పేరు 'వీ లీగ్'. మొదట 11 క్లబ్బులు. ప్రతి క్లబ్బూ కనీసం 15 మందికి ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఇవ్వాలి, ఒక్కొక్కరికి ఏడాదికి 27 లక్షల యెన్లకు తగ్గకూడదు. అప్పటి మారకంలో అది మన 18 లక్షల రూపాయల మాట. క్లబ్బును నడిపే సిబ్బందిలోనూ సగం మంది ఆడవాళ్ళే ఉండాలని నియమం పెట్టుకున్నారు. తొలి కప్పు ఐనాక్ కోబే ఎత్తుకుపోయింది. తర్వాతి రెండూ ఉరావావి. 2024–25లో టోక్యో వెర్డీ బెలెజా గెలిచింది. అన్నీ సవ్యంగా సాగాయనీ కాదు. ఆటకు సగటున 5 వేలమంది వస్తారని ఆశపడితే, మొదటి సీజనులో రెండు వేలమందైనా రాలేదు. అయినా జీతాల నియమాన్ని మొదటి రోజే రాసి పెట్టుకున్నారు. నాకు నచ్చింది అదే.

అంతకుముందు ముప్పయ్యేళ్ళూ కథ వేరు. 1989లో లీగ్ పుట్టినప్పటి నుంచీ చాలామంది అమ్మాయిలు పగలు ఉద్యోగం చేసి ఆ తర్వాతే మైదానానికి వచ్చేవాళ్ళు. అలాంటి క్లబ్బుల్లో ఒకటి మరీజే. అప్పట్లో ఫుకుషిమాలో అణువిద్యుత్ కేంద్రాలు నడుపుతున్న టోక్యో ఎలక్ట్రిక్ పవర్ కంపెనీ 2005లో దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆటగత్తెలు ఆ కంపెనీ ఉద్యోగులే. కరీనా మరుయామా అనే ఫార్వర్డ్ ఫుకుషిమా దాయిచి కేంద్రంలోనే పనిచేసింది. సాధన చేసేది దగ్గర్లోని జె-విలేజ్ మైదానాల్లో.

2011 మార్చి 11న భూకంపం, వెంటనే సునామీ, ఆ వెనకే రియాక్టర్ల ప్రమాదం. పచ్చటి జె-విలేజ్ మైదానాలు ప్రమాదాన్ని అదుపు చేసే సిబ్బందికి శిబిరమయ్యాయి. మరీజే లీగ్ నుంచి తప్పుకుంది. హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మర్నాడు విశాఖను, అనకాపల్లిని చూసినవాళ్ళకు ఒక్క రోజులో ఊరి రూపం మారిపోవడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

నాలుగు నెలల తర్వాత జర్మనీలో ప్రపంచకప్. క్వార్టర్‌ఫైనల్లో ఆతిథ్య జట్టు జర్మనీయే ఎదురుపడింది. ఆటకు ముందు కోచ్ నోరియో ససాకీ తన పిల్లలకు వ్యూహం బొమ్మలతో పాటు సునామీ దృశ్యాలూ చూపించాడు. అదనపు సమయంలో, 108వ నిమిషంలో గోలు పడింది. కొట్టింది మరుయామా, ఒకప్పుడు దాయిచిలో ఉద్యోగం చేసిన అమ్మాయి. ప్రమాదం నాటికి మరీజేలోనే ఉన్న అయా సమేషిమా ఆ జట్టులో డిఫెండర్. జులై 17న ఫ్రాంక్‌ఫర్ట్‌లో అమెరికాతో ఫైనల్. 117వ నిమిషంలో హొమారే సావా స్కోరు సమం చేసింది. పెనాల్టీల్లో 3–1తో కప్పు జపాన్‌ది.

మరీజే పిల్లల్లో చాలామంది చెదిరిపోలేదు. మరుసటి ఏడాది సెండాయ్ నగరంలోని వెగాల్టా క్లబ్బు మహిళా జట్టు పెట్టి వాళ్ళకు చోటిచ్చింది. ఆ జట్టే తర్వాత మైనవి సెండాయ్ పేరుతో వీ లీగ్‌లోకి వచ్చింది. ఇక 2021 మార్చి 25న టోక్యో ఒలింపిక్స్ జ్యోతి యాత్ర మొదలైంది జె-విలేజ్ నుంచే. ముందుగా జ్యోతి పట్టుకున్నది 2011 ప్రపంచకప్ జట్టువాళ్ళు.

సావా గురించి ఒక్క మాట ఆగి చెప్పాలి. బెలెజా క్లబ్బు తరఫున ఆమె లీగ్ మ్యాచ్ ఆడింది పన్నెండేళ్ళకు. పదిహేనేళ్ళకు దేశం జెర్సీ. ఆ తర్వాత ఆరు ప్రపంచకప్‌లు. పన్నెండేళ్ళ పిల్లకు అందేంత దూరంలో ఒక క్లబ్బు ఉండబట్టే ఇదంతా జరిగింది. నన్ను జీతం సంగతి అడిగిన పిల్లదీ అదే వయసు.

మనకు పిల్లలు లేక కాదు. గుగులోత్ సౌమ్యను చూడండి. నిజామాబాద్ జిల్లాలో ఒక తండాలో పుట్టిన లంబాడీ బిడ్డ. కోజికోడ్ క్లబ్బు గోకులం కేరళకు ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్ళి దినామో జాగ్రెబ్ జెర్సీ తొడిగింది. కోల్‌కతా వచ్చి ఈస్ట్ బెంగాల్‌కు 2024–25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిపించింది. ఆ సీజనుకు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ సమాఖ్య పురస్కారం ఆమెదే. కోజికోడ్, జాగ్రెబ్, కోల్‌కతా. ఈ మూడు పేర్ల పక్కన నిజామాబాద్ లేదు, హైదరాబాద్ లేదు, విశాఖ లేదు. ఆ సీజనులో లీగ్ ఆడిన ఎనిమిది జట్లలో తెలుగు నేల మీది జట్టు ఒక్కటీ లేదు. తమిళనాడుకు మదురై సేతు ఎఫ్‌సీ ఉంది, కర్ణాటకకు కిక్‌స్టార్ట్ ఉంది. మన బిడ్డ గోలు కొడితే మనం కేకలేసేది వేరే ఊరి పేరు మీద. నాకిది బాధగా ఉంది.

ఉద్యోగమిచ్చి ఆడించే విద్య మనకు తెలియనిదా? హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును తలుచుకోండి. కానిస్టేబుల్ కొలువులిచ్చి కుర్రాళ్ళను నిలబెట్టింది. కోచ్ ఎస్.ఎ. రహీం చేతిలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మరీజే నడిచింది కూడా ఇదే పద్ధతిలో. మన దగ్గర ఆ పద్ధతి ఆడపిల్లల దాకా పెద్దగా రాలేదు, అంతే.

రానందుకు ఫలితం కళ్ళముందే ఉంది. 2024 అక్టోబరులో హోచిమిన్ సిటీలో ఆసియా మహిళా చాంపియన్స్ లీగ్ ఆడడానికి మన లీగ్ విజేత ఒడిశా ఎఫ్‌సీ వెళ్ళింది. ఉరావా చేతిలో 17–0తో ఓడింది. ఆ అమ్మాయిలను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. చిన్న వయసు నుంచీ క్లబ్బుల్లో పెరిగినవాళ్ళతో వాళ్ళు తలపడ్డారు. ఏడాది తిరగకుండానే, 2025 జులై 5న, చియాంగ్ మాయ్‌లో భారత జట్టు థాయ్‌లాండ్‌ను 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు చేరింది. క్వాలిఫయర్లు గెలిచి అక్కడికి చేరడం అదే మొదటిసారి. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వి. డ్రాలో పడిన గ్రూపు చూస్తే, అందులో జపాన్!

దారి చూపుతున్నవాళ్ళు మన రాష్ట్రంలోనూ ఉన్నారు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లె ఆడపిల్లలకు బూట్లిచ్చి ఫుట్‌బాల్ నేర్పుతోంది. కానీ తాండవ జలాశయం నీళ్ళు పారే ఈ నాతవరం మండలానికి అనంతపురం ఒక రాత్రి ప్రయాణానికి పైమాటే.

చీకటి పడబోతుండగా ఆ పిల్లను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. సావా కథంతా చెప్పాను, సౌమ్య ఫొటో చూపించాను. తండా పిల్లంటే నమ్మలేక ఫోను దగ్గరికి తీసుకుని మళ్ళీ చూసింది. జీతం ఊసు ఎత్తలేదు. అడిగినవి రెండే మాటలు: "ఎక్కడ నేర్పుతారు బాబూ? పొద్దుగూకీలోగా ఇంటికొచ్చెయ్యగలదా?"

తిరుగు దారిలో నర్సీపట్నం బస్టాండులో దిగి, సాయంత్రం నాతవరం వైపు వెళ్ళే బస్సుల వేళలు రాసుకున్నాను.