‘దమ్ము’ పేరు చెప్పి ఇంటర్నెట్‌కు కత్తెర!

సెన్సారు అనగానే సినిమా అభిమానికి గుర్తొచ్చేది కత్తెర. ఫలానా డైలాగు ఎగిరిపోయిందట, ఫలానా పాటలో రెండు షాట్లు తీసేశారట అని హాలు బయట చెప్పుకోని వాళ్లెవరు? అయితే 2012 వేసవిలో మన తెలుగు సినిమా పేరు మీదే మరో రకం కత్తెర ఆడింది. ఆ దెబ్బ తిన్నది ఇంటర్నెట్!

ఆ సినిమా ఏదంటారా? జూనియర్ ఎన్.టి.ఆర్. కథానాయకుడుగా బోయపాటి శ్రీను తీసిన ‘దమ్ము’. ఆ ఏడాది ఏప్రిల్ 27న విడుదలైంది. దానికి జోడీగా ధనుష్, శ్రుతి హాసన్ నటించిన తమిళ చిత్రం ‘3’. ఈ రెండింటినీ ఎవరూ దొంగచాటుగా నెట్‌లో పెట్టకుండా చెన్నైలోని కాపీరైట్ ల్యాబ్స్ అనే సంస్థ నిర్మాతల తరఫున మద్రాసు హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చింది.

దొంగ ఎవరో ముందుగా తెలియదు కదా, మరి కేసు ఎవరి మీద వేస్తారు? దానికీ ఒక ఉపాయం ఉంది. పేరు తెలియని నిందితుణ్ణి అమెరికా కోర్టుల్లో ‘జాన్ డో’ అంటారు. మన దగ్గర ఆయనే ‘అశోక్ కుమార్’! ఊరూ పేరూ లేని అశోక్ కుమార్ మీద ముందే ఉత్తర్వు తెచ్చిపెట్టుకోవడమన్నమాట. పాతకాలపు హిందీ హీరోకూ దీనికీ ఏ సంబంధమూ లేదు లెండి.

ఎలుక కోసం ఇల్లు తగలబెట్టి...

మే నెల వచ్చేసరికి ఇంటర్నెట్ కంపెనీలు ఆ కాగితం చేతపట్టుకుని సైట్లకు సైట్లే మూసేశాయి. పైరేట్ బే మూతపడిందంటే సరే అనుకుందాం. విమియో, డైలీమోషన్ కూడా మూతపడ్డాయి! లఘుచిత్రాలు తీసే కుర్రకారు తమ సొంత కష్టాన్ని నలుగురికీ చూపించుకునే చోటు విమియో. వాళ్లు చేసిన నేరమేమిటో ఎవరికీ అర్థం కాలేదు. సైటు తెరిస్తే, కోర్టు ఉత్తర్వుల వల్ల ఆపేశామని ఒక్క ముక్క. అంతే!

ఇందులో తమాషా ఒకటుంది. ‘3’ చిత్రానికి దేశమంతా పేరు తెచ్చినది ‘కొలవెరి డి’ పాట. 2011 నవంబర్‌లో ఆ పాటను ఊరూరా మోసుకెళ్లింది యూట్యూబే. నెట్ పుణ్యమా అని పేరొచ్చిన సినిమా కోసం నెట్‌కే తాళం పడింది!

భూపాలపల్లి లాంటి ఊరి సంగతి చూడండి. అప్పటికింకా వరంగల్ జిల్లాలోనే ఉన్న సింగరేణి గనుల ఊరు. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు తక్కువ. పరీక్ష ఫలితాలు చూడాలన్నా, కొత్త ట్రైలర్ చూడాలన్నా నెట్ సెంటరే దిక్కు. ఆ సెంటర్లకు 2011లో కేంద్రం నిబంధనలు పెట్టింది. వచ్చినవాడు గుర్తింపు కార్డు చూపాలి. పేరు రిజిస్టర్‌లో ఎక్కాలి. ఆ రిజిస్టర్‌ను కనీసం ఏడాది దాచాలి. క్యాబిన్ గోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. చూసేవాడి లెక్క అంత పక్కాగా ఉంటుంది. మూసేవాడి లెక్క మాత్రం చూసేవాడికి అందదు!

చివరికి ఇంటర్నెట్ కంపెనీలే కోర్టుకెళ్లి మొరపెట్టుకున్నాయి. దొంగ సినిమా ఉన్న ఆ ఒక్క లింకునే ఆపాలని, మొత్తం సైటును మూయమని కాదని 2012 జూన్‌లో మద్రాసు హైకోర్టు స్పష్టం చేసింది. ఆ తర్వాతే తలుపులు తెరుచుకున్నాయి.

నిర్మాత గోడు అబద్ధమా?

కానే కాదు. 2013లో పవన్ కల్యాణ్ ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే సగం బొమ్మ బయటికొచ్చేసింది. హడావుడిగా తేదీ ముందుకు జరిపి సెప్టెంబర్ 27న విడుదల చేశారు. అభిమానులు హాళ్లకు పోటెత్తారు కాబట్టి సరిపోయింది. అందరికీ అంత అదృష్టం ఉంటుందా? అందుకే 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. దొంగచాటుగా రికార్డు చేస్తే కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా. ఫిర్యాదు నిజమైతే 48 గంటల్లో లింకు తీయించేందుకు అధికారులనూ నియమించారు. 2025 నవంబర్‌లో ఐబొమ్మ సైటు నడుపుతున్నాడన్న ఆరోపణపై హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. దొంగను పట్టుకోవద్దని ఎవరూ అనరు.

కట్ లిస్టు ఏది?

మన పేచీ వేరే. సినిమాకు సెన్సారు కోత పెడితే ఆ కోతల జాబితా నిర్మాత చేతికిస్తారు. నచ్చకపోతే రివైజింగ్ కమిటీకి పోవచ్చు, ఆపైన హైకోర్టు ఉండనే ఉంది. ప్రభుత్వం నెట్‌లో ఏదైనా ఆపాలంటే ఐ.టి. చట్టంలోని 69ఏ సెక్షన్ వాడుతుంది. 2009లో వచ్చిన దాని నిబంధనల్లో 16వది ఏమంటుందో తెలుసా? ఫిర్యాదులనూ, వాటిపై తీసుకున్న చర్యలనూ గట్టి రహస్యంగా ఉంచాలట! 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను నిలబెట్టింది. కారణాలు రాతపూర్వకంగా ఉండాలనీ, వాటిని కోర్టులో సవాలు చేయవచ్చనీ కూడా చెప్పింది. రహస్యంగా దాచిన కాగితాన్ని మామూలు మనిషి సవాలు చేసేదెలా?

హాల్లో బొమ్మ పడేముందు సెన్సారు సర్టిఫికెట్ తెర మీద కనిపిస్తుంది. ఏ బోర్డు ఇచ్చిందో, ఏ తేదీన ఇచ్చిందో వెనక బెంచీవాడికీ తెలుస్తుంది. మూసేసిన సైటు మీద కూడా అలాంటి సర్టిఫికెట్ ఒకటి వేయమనండి. ఎవరు మూశారు, ఏ చట్టం కింద మూశారు, ఎన్నాళ్లు, అర్జీ ఎవరికి పెట్టుకోవాలి... నాలుగంటే నాలుగు ముక్కలు. రెండున్నర గంటల సినిమాకు ఇచ్చే మర్యాద కోట్లమంది చూసే నెట్‌కు ఇవ్వలేరా?