టెక్సాసా, న్యూజెర్సీయా?

బ్రదుకుతెరువుల తారతమ్యమును బేరీజు వేయుట పాలమూరు సీమకు క్రొత్త విద్య కాదు. ఏ యూర పని దొరకును, ఎక్కడ కూలి గిట్టును, ఏ గుంపుమేస్త్రి మాట నిలుపుకొనును అను లెక్కను, ఆనకట్టల పనులకు దేశదేశములు తిరిగిన కూలీలు ఏ యర్థశాస్త్రజ్ఞుని తోడును లేకయే తరతరములుగా వేయుచు వచ్చిరి. నాగర్‌కర్నూలు జిల్లా కోడేరు రచ్చకట్టపై నేడా ప్రశ్నయే వేషము మార్చుకొని కూర్చున్నది: అమెరికా పోయిన పిల్లవాడు టెక్సాసులో నుండుట మేలా, న్యూజెర్సీలో నుండుట మేలా?

ముందుగా నేల సంగతి. టెక్సాసు వైశాల్యము సుమారు 6,95,000 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణమునకు ఆరింతలకు పైమాట. న్యూజెర్సీయో, తెలంగాణములో అయిదవ వంతు. 2020 జనగణనలో టెక్సాసు జనసంఖ్య 2.91 కోట్లు కాగా, ఆ చిన్న రాష్ట్రమున 92.9 లక్షల మంది యుండిరి. అమెరికా రాష్ట్రములలో జనసాంద్రతకు న్యూజెర్సీయే మొదటిది. కావుననే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇరుకింటికి వెచ్చించు సొమ్ముతో టెక్సాసులోని డల్లాసు పొంత ఫ్రిస్కోలో విశాలమైన యిల్లు కొనవచ్చునని మనవారు చెప్పుకొనుట.

ఇక పన్నులు. టెక్సాసులో రాష్ట్రమునకు చెల్లింపవలసిన ఆదాయపు పన్ను లేదు. అట్టి పన్ను విధింపరాదని 2019లో ఓటర్లు రాజ్యాంగ సవరణను గూడ ఆమోదించిరి. కాని ప్రభుత్వము గాలి మేసి బ్రదుకదు గదా! వీథివాకిట రాని పన్ను పెరటి తలుపున ఇంటిపన్నై వచ్చును. న్యూజెర్సీలో నీ రెండును గలవు: ఇంటిపన్ను దేశములోనే యధికము, సగటున ఏటికి 10,000 డాలర్ల దరిదాపు, ఆదాయపు పన్ను కోటీశ్వరులపై నూటికి 10.75 వరకు నెక్కును. అయితే ఆ యింటిపన్నులో పెద్దభాగము ఊరి బడికే చేరును గనుక, అచ్చటి ప్రభుత్వ పాఠశాలలు దేశమున అగ్రశ్రేణిలో నెన్నబడుచున్నవి.

ఇక ప్రకృతి గండముల మాటకు వచ్చిన, 2021 ఫిబ్రవరిలో మంచుతుపాను టెక్సాసును ముంచెత్తినది. ఆ రాష్ట్రపు విద్యుద్వ్యవస్థ ఇరుగుపొరుగులతో పొత్తు లేక చాలవరకు వేరుగా నుండుటచే విద్యుత్తును ఎరవు తెచ్చుకొను వీలు తక్కువై, నలువది లక్షలకు పైగా ఇండ్లును వ్యాపారస్థలములును చీకటి పాలయ్యెను. ప్రభుత్వపు లెక్క ప్రకారమే 246 మంది మరణించిరి. కరెంటు కోతలు చవిచూచిన మన రైతుకైనను చలికి ప్రాణములు తీసెడి కోత ఊహకందదు. న్యూజెర్సీకిని గండములు లేకపోలేదు. 2012 అక్టోబరులో శాండీ తుపాను దాని సముద్రతీరమును ఛిన్నాభిన్న మొనర్చెను.

నా దృష్టిలో నసలైన యంతరము రోగము వచ్చిననాడు కానవచ్చును. ఆరోగ్యబీమా లేనివారు టెక్సాసులో సుమారు ఆరుగురిలో నొకరు. దేశమున నింత హెచ్చు మరెచ్చటను లేదు. న్యూజెర్సీలో వీరు నూటికి ఏడెనిమిది మంది. పేదలకిచ్చు ప్రభుత్వ ఆరోగ్యబీమా మెడికెయిడ్‌ను న్యూజెర్సీ 2014లో విస్తరించుకొనగా, టెక్సాసు సమ్మతింపలేదు. కనీసపు కూలియు నట్లే: టెక్సాసులో గంటకు 7.25 డాలర్లు, న్యూజెర్సీలో 15 డాలర్లు దాటినది. కంప్యూటరు కొలువున్న యారోగ్యవంతునకు టెక్సాసు కలిసివచ్చు నేలయే. కొట్టులో నిలువుకాళ్ల పనిచేయువానికిని, మంచము పట్టినవానికిని న్యూజెర్సీయే నయమని నా తీర్పు. మన పూర్వపు వలసకూలీ నడిగినను, పని దొరకునా యని మాత్రమే గాక, పడిపోయిన నాడు పట్టుకొనువా రుందురా యనియు నడిగియుండును.

ఆరుమాసములు మనుమల యొద్ద గడుపబోవు కోడేరు తల్లిదండ్రులకు మాత్ర మీ భేదములు పెద్దగా పట్టవు. ఫ్రిస్కోలో కారు లేనిదే గడప దాటుట కష్టము. ఎడిసన్ ప్రాంతమున ఓక్‌ట్రీ రోడ్డు చెంత ఇల్లైనచో కాలినడకన పోయి మన కూరగాయలు తెచ్చుకొనవచ్చును. ఎచ్చటి కేగినను, అమెరికా వృద్ధులకిచ్చు ఆరోగ్యబీమా మెడికేర్ చుట్టపుచూపుగా పోయినవారికి వర్తింపదు. కావున అమ్మలారా, అయ్యలారా, పిల్లవాడు టికెట్టు పంపిననాడు సంతసింపుడు. ఆ వెంటనే మీ పేర బీమా తీసికొన్నాడా యని యడుగుడు.